‘మంచిగనే ఉన్న’: కుశల ప్రశ్నలో సత్యం – వేములవాడ ప్రాంతపు ముచ్చట ఆధారంగా ఒక పరిశీలన

సాహిత్య చరిత్రలో వేములవాడ నిలిచిపోయే మాటకు పేరుపొందిన చోటు. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి విక్రమార్జున విజయాన్ని రచించాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల సమీపాన బొమ్మలగుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం చెక్కించాడు. అందులోని కందపద్యాలు తెలుగు పద్యచరిత్రకు ఎంతటి ఆధారాలో పరిశోధకులకు వేరే చెప్పనక్కరలేదు. ఇక వేములవాడ భీమకవి చుట్టూ అల్లుకున్న కథలు మాటకు అంతకన్నా పెద్ద శక్తిని ఆపాదించాయి. విందు పంక్తిలో అవమానం పొందిన బాలుడు కోపంతో పలికితే అప్పాలు కప్పలయ్యాయని, అన్నం సున్నమయిందని ఐతిహ్యం. ఆయన వేములవాడ ఇదా, గోదావరి సీమలోనిదా అన్న వివాదం ఈ వ్యాసానికి అవసరం లేదు. ఆ కథలో మాట లోకాన్ని మార్చి తాను నిజమవుతుంది. ఇక్కడ మనకు కావలసింది అంతే.

ఈ వ్యాసానికి విషయం అందుకు పూర్తిగా విరుద్ధమైన మాట. అది శిలకు ఎక్కదు, పద్యంలో ఇమడదు, లోకంలో దేనినీ మార్చదు. ‘మంచిగున్నవా?’, ‘వాన పడ్డదా?’, ‘పని నడుస్తున్నదా?’, ‘ఇంటికాడ అందరు మంచిగున్నరా?’ అనే నాలుగు ప్రశ్నలూ వాటికి అలవాటుగా వచ్చే జవాబులూ స్నేహితుల మధ్య రోజూ పుట్టి ఆ పూటే మాయమవుతాయి. తెలంగాణలో దీనికి ‘ముచ్చట’ అని పేరు. కోస్తాలో ‘కబుర్లు’, ‘పిచ్చాపాటి’, ఎగతాళిగా ‘లోకాభిరామాయణం’. విలువ తగ్గించి చెప్పదలచుకుంటే తెలంగాణలోనూ ‘ఉత్త ముచ్చట’ అంటారు. అయితే అదే మాటకు ఇష్టం, మురిపెం అనే అర్థాలు కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ముచ్చట పెట్టుకుంటాము, ముచ్చట తీర్చుకుంటాము, ఒకరిని చూసి ముచ్చటపడతాము.

నేను అడిగే ప్రశ్న నైతికమైనది. బాగా లేని మనిషి ‘మంచిగనే ఉన్న’ అంటే అది అసత్యమా? అవునంటే సత్యవంతుడైన స్నేహితుడు లోకంలో ఒక్కడూ మిగలడు. కాదంటే, ఆ వాక్యం దేని విషయంలో సత్యమో చూపవలసి ఉంటుంది.

మన శాస్త్రాలు ఈ రకం మాట మీద దయ చూపలేదు. వాక్కుకు సంబంధించిన దోషాలను లెక్కించేటప్పుడు బౌద్ధం అసత్యం, చాడీ, పరుషవచనాలతో పాటు వ్యర్థ సంభాషణను కూడా చేర్చింది. న్యాయశాస్త్రం కథను వాదం, జల్పం, వితండం అని విభజించింది గాని గెలుపోటములు, తత్త్వనిర్ణయం ఏవీ లేని మాటకు అందులో చోటు లేదు. యోగసూత్ర వ్యాసభాష్యం సత్యాన్ని వివరిస్తూ, ఒకరికి తెలియజెప్పడానికి పలికిన మాట వంచన కాకూడదని, భ్రాంతితో పలికినది కాకూడదని, వినేవారికి ఏమీ తెలియజేయని గొడ్డుమాట కాకూడదని మూడు నిబంధనలు పెట్టింది; పైగా అది ప్రాణులకు ఉపకారం కోసమే కావాలన్నది. ఈ కొలతతో చూస్తే ‘మంచిగనే ఉన్న’ రెండు చోట్ల చిక్కుకుంటుంది. వాస్తవం వేరైతే వంచన. వాస్తవమే అయినా అడిగినవానికి కొత్తగా తెలిసేదేమీ లేదు కనుక గొడ్డుమాట.

అలంకారశాస్త్రంలో ఈ చిక్కుకు ఒక మలుపు ఉంది. సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకు పోతున్నాయి అని చెప్పడం కూడా ఒక కావ్యమేనా అని భామహుడు ఆక్షేపించి, అలాంటివాటిని ‘వార్త’ అంటారని తేల్చాడు. ఒక రకంగా చూస్తే వాతావరణం గురించిన ముచ్చటకు మన లాక్షణికులు ఇచ్చిన మొదటి తీర్పు అదే. కాని మమ్మటుడు కావ్యప్రకాశంలో ఆ మొదటి వాక్యాన్నే, సూర్యుడు అస్తమించాడన్నదాన్నే, ధ్వనికి ఉదాహరణగా స్వీకరించాడు. వక్త, శ్రోత, సందర్భం మారేకొద్దీ ఆ ఒక్క మాట పశువుల కాపరికి మందను తోలుకురమ్మనీ, కూలివానికి పని చాలించమనీ, ప్రియుని కోసం ఎదురుచూసే స్త్రీకి ఇంకా రాలేదనీ, ఇలా అనేక అర్థాలనిస్తుంది. వాచ్యార్థం ఒకటే, దానిని చేరే బతుకులు వేరు. భామహుడు వాక్యాన్ని విడదీసి చూశాడు, మమ్మటుడు మనుషుల మధ్య పెట్టి చూశాడు. కుశల ప్రశ్నను చూడవలసిన పద్ధతి రెండవదే.

1923లో మాలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల అనుభవంతో ఇలాంటి మాటలు సమాచారం కోసం కావని, మనుషుల మధ్య బంధం కుదరడానికేనని చెప్పాడు. ఆధునిక భాషాశాస్త్రంలో ఈ చర్చకు అదే ప్రధానమైన ఆరంభం. ఆ సిద్ధాంతం ఉపయోగకరమే. కాని అది ఒకే ఆకాశం కింద ఎదురెదురుగా నిలబడ్డవారి సంభాషణను ఆధారం చేసుకున్నది. ‘ఎండ దంచుతున్నది’ అని ఒకడంటే రెండవవాడు కూడా అదే ఎండలో ఉన్నాడు. అందుకే ఆ మాటలో సమాచారం లేదు. ఉత్తర తెలంగాణలో ఈ షరతు తప్పిపోయి రెండు తరాలయింది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారితో ముచ్చట ఫోన్ మీద సాగుతుంది, అటు ఇటు ఆకాశాలు వేరు.

ఈ ప్రాంతంలో పెరిగినవారి చెవికి అలవాటైన మాటల వరుస సుమారుగా ఇలా ఉంటుంది:

“ఏం మామా, మంచిగున్నవా?”
“మంచిగనే ఉన్న బావా. ఊర్ల వాన పడ్డదా?”
“మొన్న మంచిగ పడ్డది. నాట్లేస్తున్నరు. ఆడ ఎండలెట్లున్నయ్?”
“ఎండలకేంది, ఉండేటియే. పనైతే నడుస్తున్నది. మా ఇంటి దిక్కు పోయినవా?”
“నిన్ననే పోయిన. అందరు మంచిగనే ఉన్నరు.”
“సరే మరి, ఉంట.”

విడి వాక్యాలుగా తీసుకుంటే ఇందులో దాదాపు ఏమీ లేదు. మమ్మటుని పద్ధతిలో చూస్తే అంతా ఉంది. ఎడారిలో పనిచేసేవాడు ఊరి వాన గురించి అడగడం లోకాభిరామాయణం కాదు. వాన పడితే బావిలో నీళ్ళూరుతాయి, పొలం పండుతుంది, వీసా కోసం తెచ్చిన అప్పులో కొంత తీరుతుంది, తాను తిరిగివచ్చే ఏడాది దగ్గరపడుతుంది. ఆ మాటను అంత పొడుగ్గా అడగడానికి ఫోన్‌లో సమయం ఉన్నా నోరు రాదు. అటు ఎండ గురించి అడిగిన ప్రశ్న కూడా అంతే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పనిని నిషేధించే నియమం ఉంది. మన గడియారంలో అది రెండు గంటల నుంచి నాలుగున్నర. ప్రభుత్వమే పని ఆపించవలసినంతటి ఎండను ‘ఉండేటియే’ అని ఒక్క మాటలో దాటవేస్తాడు. దాటవేసినట్టు అవతలివానికి తెలుసు. తెలుసునన్న సంగతి ఇతనికీ తెలుసు. వంచన అనాలంటే మోసపోయేవాడు ఒకడుండాలి, ఇక్కడ అతడు కనబడడు.

ఈ వాదాన్ని ఇక్కడితో ఆపితే అది సులభమైన ఊరట అవుతుంది. ఇంకొంచెం దగ్గరగా వెళ్ళి ఆ జవాబులోని ‘నే’ను చూడాలి. ‘మంచిగున్న’ వేరు, ‘మంచిగనే ఉన్న’ వేరు. కోస్తా మాటలో ‘బాగున్నాను’, ‘బానే ఉన్నాను’ మధ్య ఉన్న తేడా ఇదే. వ్యాకరణం ఈ ఏకారాన్ని అవధారణార్థకం అంటుంది, అంటే నొక్కి చెప్పేది. నొక్కి చెప్పడం వల్ల అర్థం బలపడాలి కదా! కుశల ప్రశ్నకు జవాబులో మాత్రం అది అర్థాన్ని సడలిస్తుంది. బాగా లేననే అవకాశాన్ని ఎవరో ముందే ఎత్తినట్టు, దానిని తాను తోసిపుచ్చుతున్నట్టు ధ్వనిస్తుంది. పెళ్ళి కుదిరిన ఇంట్లో ‘మంచిగనే ఉన్నం’ అనరు, ‘మంచిగున్నం’ అంటారు. భాష ఒక ఏకారంలో, దానిని పలికే కాకువులో, చెప్పలేనిదాన్ని చెప్పే సందు ఉంచింది. ‘ఏదో, నడుస్తున్నది’ అన్నప్పటి ‘ఏదో’ చేసే పని కూడా ఇదే. కనుక ‘మంచిగనే ఉన్న’ అన్నవాడు వాస్తవాన్ని దాచలేదు, తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టకుండా వదిలాడు.

వీడుకోలు మాటలు ఈ విషయంలో మరీ విచిత్రమైనవి. ఎదురుగా ఉన్నప్పుడు ‘పోత’ అనడం అమంగళం, ‘పోయొస్త’ అనాలి. ఆ రోజు మళ్ళీ రాడని ఇద్దరికీ తెలుసు. ఫోన్‌లో విడిపోయేవాడు ‘ఉంట’ అంటాడు. వెళ్ళేవాడు ఉంటాననడం! వీటిని అబద్ధాలని ఎవరూ అనరు. వాటి సత్యం సంబంధం గురించినది. అది కొనసాగుతుందని చెప్పడమే ఆ వాక్యాల పని.

ఇప్పుడు అసలు చిక్కు. వేములవాడకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో సిరిసిల్ల ఉంది. అక్కడ మరమగ్గాన్ని ‘సాంచ’ అంటారు. ‘సాంచాలు నడుస్తున్నయా?’ అన్నది ఆ పట్టణానికి వానాకాలపు ప్రశ్న వంటిది. నూలు ధర, కరెంటు, గుడ్డకు గిరాకీ, ప్రభుత్వ ఆర్డరు అన్నీ అందులోనే ఉన్నాయి. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు ఒక రకంగా ఉండేది, పని తగ్గిన కాలంలో మరొక రకంగా ఉంటుంది. సాంచాల చప్పుడులో పక్కవాని మాట వినబడదు. ముచ్చటంతా బయట చాయ్ హోటల్ దగ్గర, పది నిమిషాల విరామంలో. అప్పుల బాధతో నేతకార్మికులు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఈ పట్టణం నుంచి ఏళ్ళ తరబడి వచ్చాయి. అలాంటి చావు తరువాత తోటివారి నోట తరచు వచ్చే మాట ఒకటుంది: ‘నిన్న గూడ మంచిగనే మాట్లాడిండు’.

ముచ్చటను సమర్థించే ఏ సిద్ధాంతమైనా ఈ వాక్యానికి జవాబు చెప్పాలి. సంబంధాన్ని నిలపడమే ఆ మాటల పని అయితే, నిన్న సాయంత్రం ఆ సంబంధం ఏం చేసింది? తలుపు గడియ పెట్టలేదంటున్నాము సరే, తోసి చూసినవారెవరు? దైనందిన సంభాషణ మనిషిని తన నుంచి తనను దాచేస్తుందని హైడెగర్ 1927లో చేసిన విమర్శ నాకు సాధారణంగా గదిలో కూర్చున్న తత్త్వవేత్త చిరాకులా కనిపిస్తుంది. ఈ వాక్యం విన్నప్పుడు మాత్రం దానిని అంత తేలికగా తోసిపుచ్చలేము.

జవాబు కోసం ఈ ప్రాంతపు భాషనే అడగవచ్చు. ఉత్తర తెలంగాణలో ఎదురైన మనిషిని పలకరించడాన్ని ‘మందలించుడు’ అంటారు. ‘ఏం మందల?’ అంటే ఏమిటి సంగతి అని. కోస్తావారికి మందలింపు అంటే చీవాట్లు. ఈ భేదం వల్ల పుట్టే హాస్యం రెండు ప్రాంతాల వాళ్ళూ కలిసి చదివే విశ్వవిద్యాలయాల్లో అందరికీ అనుభవమే. దీనికి పక్కన మరొక మాట ఉంది, ‘అర్సుకొనుడు’. కావ్యభాషలోని ‘అరయు’, ‘అరసి’ అన్న రూపాల బంధువు అది. చూచు, విచారించు అనే అర్థాలు దాని వెనక ఉన్నాయి. జబ్బుపడినవారిని, కష్టంలో ఉన్నవారిని, బాలింతను ‘అర్సుకుంటారు’. మందలించడానికి దారిలో నిలబడితే చాలు. అర్సుకోవడానికి ఇంటికి పోవాలి, కూర్చోవాలి. ‘నన్ను మందలించలేదు’ అని నొచ్చుకునేవాడు గౌరవం గురించి మాట్లాడుతున్నాడు. ‘ఒక్కడన్న అర్సుకోలే’ అన్నవాని బాధ అది కాదు.

ఈ రెండు క్రియలూ కుశల ప్రశ్నకు నైతికంగా రెండు అంతస్తులు ఉన్నాయని చెబుతున్నాయి. మొదటిసారి అడిగిన ‘మంచిగున్నవా?’ మందలింపు. దానికి జవాబు చెప్పేవాడు తన బతుకు లెక్క అప్పజెప్పే బాధ్యతలో లేడు. వ్యాసభాష్యం పెట్టిన సత్య నిబంధన ఒకరికి తెలియజెప్పడానికి పలికిన మాటకు వర్తిస్తుంది, ఇది ఇంకా ఆ స్థాయికి రాలేదు. ‘నే’ విని, కాసేపు ఆగి, ‘ఏందిరా, ఏమైంది?’ అని రెండవసారి అడిగినప్పుడు అది అర్సుకోవడం. సత్యబాధ్యత అక్కడ మొదలవుతుంది. అయితే అది జవాబు చెప్పేవానికన్నా ముందు అడిగినవాని మీద పడుతుంది. రెండవసారి అడిగినవాడు వినడానికి కూర్చోవాలి, విన్నదాన్ని మోయాలి, నలుగురిలో వేయకూడదు. అంత సిద్ధపడకుండా అర్సుకున్నట్టు నటించడమే ఈ వ్యవహారంలో అసలైన అసత్యం. ఆ వంచన ప్రశ్నలో ఉంటుంది, జవాబులో ఉండదు.

కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునునికి చెప్పిన కౌశికుని కథ ఇక్కడ సాయపడుతుంది. సత్యవ్రతం పట్టిన ఆ మునిని దొంగలు ప్రశ్నించారు. ప్రాణభయంతో దాగిన బాటసారుల జాడ ఉన్నదున్నట్టు చెప్పి, ఆ వధకు కారకుడై నరకానికి పోయాడు. హంతకుడు అడిగినా అబద్ధం ఆడరాదని 1797లో కాంట్ వాదించినదానికి ఈ కథ పూర్తిగా ఎదురు. సాధారణంగా దీనిని ఎప్పుడు అబద్ధం ఆడవచ్చు అనే ప్రశ్నకు ఉదాహరణగా చదువుతాము. అడిగేవాడు ఎవడు, ఎందుకు అడుగుతున్నాడు అన్న విచారణ లేకుండా జవాబులోని సత్యాసత్యాలు తేలవన్నది అందులోని మరొక అర్థం. చాయ్ హోటల్ దగ్గర ‘మంచిగున్నవా’ అన్నవాళ్ళలో అప్పిచ్చినవాడు కూడా ఉండవచ్చు. అతనికి ‘మంచిగనే ఉన్న’ అని చెప్పి తప్పించుకోవడం దోషమని నేను అనలేను.

అడిగేవాని స్థానం గురించి మన చరిత్ర మరొక చేదు విషయం కూడా చెబుతుంది. మనుస్మృతి బ్రాహ్మణుని కుశలం, క్షత్రియుని అనామయం, వైశ్యుని క్షేమం, శూద్రుని ఆరోగ్యం అడగాలని కుశల ప్రశ్ననే వర్ణక్రమంలో పంచింది. శూద్రునికి ఆరోగ్యం, ఎందుకంటే అతడు పనికి రావాలి! నిన్నమొన్నటి దాకా దొరల గడీల ముందు నిలబడినవానికి ‘బాంచెన్ దొరా’ అనే పిలుపు ఉండేది గాని ‘దొరా, మంచిగున్నవా’ అని అడిగే హక్కు లేదు. కుశల ప్రశ్న పైనుంచి కిందికే ప్రవహించే చోట దాన్ని ముచ్చట అనరు. ఒకడు అడిగితే రెండవవాడు తిరిగి అడగగలగాలి. పల్లెల్లో వేర్వేరు కులాలవారు కూడా మామా, బావా, కాకా, అత్తా అని వరుసలు కలుపుకోవడం ఈ సమానతను కొంతవరకు తెచ్చింది. కొంతవరకే, వరుస నోటి వరకు కలిసిన చాలా చోట్ల కంచం దాకా కలవలేదు.

అడగవలసినప్పుడు అడగడంతో పాటు, దేనిని అడగకూడదో తెలిసి ఉండడం కూడా స్నేహధర్మమే. మధ్యమానేరు జలాశయం కింద అనుపురం, రుద్రవరం, కొదురుపాక వంటి గ్రామాలు మునిగాయి. ఊరు పునరావాస కాలనీగా మారింది, భూమి పరిహారంగా మారింది. భూమి పోయినవానిని ‘నాట్లయినయా?’ అని అడిగే వీలు లేదు. వానాకాలం వచ్చినప్పుడు అతనితో వాన ముచ్చట ఎలా తీయాలో తోచక మాట ఇంకోవైపు తిప్పుతారు. నష్టపరిహారపు లెక్కలో ఇల్లు, బావి, చెట్టు ఉంటాయి. సంభాషణలోంచి పోయిన ఒక ప్రశ్న ఆ లెక్కలో ఉండదు.

రెండవ ప్రశ్నకు అనువైన చోటు ఏదని వెతికితే నాకు చాయ్ హోటల్ కన్నా బీడీలు చేసే ఆడవాళ్ళ అరుగు గుర్తుకొస్తుంది. ఈ జిల్లాల్లో వేల ఇళ్ళకు అదే ఆదాయం. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కనుక చేయి ఆగదు, చూపు పైకి లేవదు. ముఖం చూడనక్కరలేని ఆ తీరు వల్ల చెప్పుకోవడం సులువవుతుంది. ‘మంచిగనే ఉన్ననే’ అన్న మాటకు, ఇంకో పది బీడీలయ్యాక, ‘రాత్రి మీ ఇంట్ల లొల్లి ఇనబడ్డది, ఏందక్కా?’ అన్న ప్రశ్న వస్తుంది. మగవారి ముచ్చటలో రెండవ ప్రశ్నకు అంత వ్యవధి దొరకదు. అడిగినా పరువు అడ్డం వస్తుంది. ఆడవాళ్ళ సంభాషణను ‘అమ్మలక్కల కబుర్లు’ అని తీసిపారేసే అలవాటు మన విమర్శలో కూడా ఉంది. అర్సుకోవడం అనే పనిని ఎక్కువగా మోసింది ఆ కబుర్లేనని ఒప్పుకోకుండా ఆ మాట వాడడం న్యాయం కాదు.

‘నిన్న గూడ మంచిగనే మాట్లాడిండు’ అన్న వాక్యాన్ని ఇప్పుడు మళ్ళీ చదివితే అందులోనూ ఆ ‘నే’ ఉంది. చెప్పేవాడు అప్పుడు దానిని విన్నాడో లేదో మనం తేల్చలేము, అతని మీద నేరం మోపడానికి మనకు అధికారమూ లేదు. పది నిమిషాల విరామంలో రెండవ ప్రశ్నకు సమయం ఇవ్వని పని ఏర్పాటు, విన్నా తీర్చలేని అప్పు, రెండూ ఆ మౌనంలో భాగస్వాములే. తీర్చలేనిదాన్ని అడిగి ఏం లాభమని మనుషులు తరచు వెనక్కి తగ్గుతారు. అర్సుకోవడమంటే తీర్చడం కాదని ఆ క్రియకు తెలుసు. బాలింతను అర్సుకోవడానికి పోయినవారు ఆమె నొప్పిని తీసుకోరు.

గల్ఫ్ ముచ్చట ఈ మధ్య ఫోన్ పిలుపుల నుంచి వాట్సాప్ సందేశాలకు మారుతున్నది. గొంతు రికార్డు చేసి పంపినప్పుడు కాకువు మిగులుతుంది గాని, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒక పూట గడుస్తుంది. రాతలో ‘మంచిగున్న’, ‘మంచిగనే ఉన్న’ అన్న తేడా ఇంకా కనబడుతుంది. జవాబుగా బొటనవేలి బొమ్మ ఒక్కటే వచ్చినప్పుడు ఏకారానికి చోటు లేదు. అది చూసి అనుమానపడిన స్నేహితుడు ఏం చేస్తున్నాడు, తిరిగి ఫోన్ చేస్తున్నాడా, అతని ఇంటికి పోయి వస్తున్నాడా, ఊరుకుంటున్నాడా అన్నది పల్లెల్లో కూర్చుని వినవలసిన విషయం. మాండలిక పదసేకరణకు పోయే పరిశోధకులు పదాలతో పాటు ఈ జవాబులను, వాటి తరువాత వచ్చిన ప్రశ్నలను కూడా రాసుకొని రావాలి.